బరిలో పుట్టిన కుక్క

కుక్కల పందెంలో గెలుపోటములను తేల్చేది నేల మీద గీసిన గీత. చుట్టూ చెక్కగోడ కట్టిన నలుచదరపు బరిలో ఎదురెదురు మూలల్లో రెండు గీతలుంటాయి. పోట్లాటలో ఒక కుక్క మొహం తిప్పుకుని వెనక్కి తగ్గినట్టు కనిపిస్తే, రెండూ పట్టు వదిలిన క్షణం చూసుకుని వాటి మనుషులు వాటిని ఎత్తి తమ తమ మూలలకు తీసుకెళ్తారు. తగ్గిన కుక్కను ముందుగా వదులుతారు. అది పది సెకన్ల లోపు తన గీత దాటి, బరికి అడ్డంగా వెళ్లి, అవతలి కుక్క మీద పడాలి. పడితే పందెం సాగుతుంది, ఆగిపోతే అక్కడితో సరి. కాలు విరిగి పాక్కుంటూ వెళ్లిన కుక్క ఇంకా పందెంలో ఉన్నట్టే లెక్క. పెద్ద దెబ్బేదీ తగలకుండానే గీత దగ్గర నిలబడిపోయిన కుక్క ఓడినట్టు లెక్క.

పిట్‌బుల్ గురించి రాసేవాళ్లు చాలామంది దాని దవడ బలం దగ్గర మొదలుపెడతారు. ఈ గీత దగ్గర మొదలుపెట్టడమే సబబని నాకనిపిస్తుంది. దవడ బలం ఉన్న కుక్కలు లోకంలో ఇంకా చాలా ఉన్నాయి. పందెగాళ్లు తరాల తరబడి ఏరుకున్న గుణం వేరు: నొప్పి తెలుస్తున్నా మళ్లీ ముందుకే వెళ్లడం. వాళ్లు దాన్ని గేమ్‌నెస్ అంటారు. గీత దాటిన వాటికి పిల్లలు పుట్టించారు. దాటని వాటిలో చాలావాటిని ఇంటికి కూడా తీసుకెళ్లలేదు. దాదాపు రెండు వందల ఏళ్లుగా సాగుతున్న ఈ ఏరివేతలోంచే ఆ జాతి పుట్టింది.

ఇంగ్లండ్‌లో కుక్కకు కుక్కను ఎదురు నిలబెట్టక ముందు ఎద్దును నిలబెట్టేవాళ్లు. నేలలో దిగేసిన ఇనప కడియానికి ఎద్దును తాడుతో కట్టి, దాని మీదికి బుల్‌డాగ్‌లను ఉసిగొల్పడం శతాబ్దాల పాటు అక్కడ ఊరందరి వేడుక. కుక్క కడుపు నేలకు ఆనించి పాకుతూ వెళ్లి, కొమ్ములకు దొరక్కుండా ఎద్దు ముక్కు పట్టుకోవాలి. ముక్కు చిక్కితే అంత పెద్ద జంతువూ కదల్లేదు. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున ఇప్పటికీ బుల్ రింగ్ అనే సంత ప్రాంతం ఉంది. ఇలా వేధించి కోస్తే మాంసం మెత్తబడుతుందని జనం నమ్మేవాళ్లు. కుక్కలను వదలకుండానే ఎద్దును కోసి అమ్మిన కసాయికి జరిమానా వేసిన ఊళ్లు కూడా ఉండేవి.

ఈ వేడుకను ఆపాలని 1800లో బ్రిటిష్ పార్లమెంటుకు ఒక బిల్లు వచ్చింది. రెండే రెండు ఓట్ల తేడాతో అది ఓడిపోయింది. దాన్ని ఓడించడానికి గట్టిగా నిలబడినవాడు విలియం విండ్‌హామ్ అనే సభ్యుడు. దొరలు గుర్రాలెక్కి నక్కలను వేటాడుతుంటే అడగని మీరు, పేదవాడికున్న ఒక్క సరదాను ఎందుకు లాక్కుంటారన్నది ఆయన వాదం. ఏటా సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేల మీద చర్చ లేచినప్పుడల్లా మనం వినే మాటలకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. పేదవాడి సరదా, తాతల నాటి ఆచారం, ఊరి పరువు. బరిలో రక్తం కారేది వీటిలో దేనితోనూ సంబంధం లేని జీవికి.

1822లో రిచర్డ్ మార్టిన్ అనే మరో సభ్యుడు పట్టుబట్టి పశువులను హింసించడాన్ని నేరం చేయించాడు. 1824లో లండన్‌లోని ఒక కాఫీ హౌస్‌లో కొందరు కూర్చుని జంతు హింసా నివారణ సంఘాన్ని మొదలుపెట్టారు. 1835లో క్వేకర్ మతశాఖకు చెందిన జోసెఫ్ పీస్ అనే పార్లమెంటు సభ్యుడు తెచ్చిన చట్టం ఎద్దుల వేధింపును, ఎలుగుబంట్ల వేధింపును, కుక్కల పందేలకూ కోడిపందేలకూ బరులు నడపడాన్ని ఒకేసారి నిషేధించింది.

అది మంచి చట్టమే. కానీ దాని దెబ్బకు ఎవరూ ఊహించని మార్పు ఒకటి వచ్చింది. ఎద్దును దాచిపెట్టి వేధించడం కుదరదు. దానికి మైదానం కావాలి, జనం కావాలి, దాని రంకె ఊరవతలికి వినిపిస్తుంది. రెండు కుక్కలకైతే సారాకొట్టు వెనక గది చాలు, నేలమాళిగ చాలు. అందుకే ఎద్దుల వేడుక చచ్చిపోయింది, కుక్కల పందెం నేల కిందికి దిగి బతికింది. రహస్యంగా బతకాల్సి రావడంతో కొత్త రకం కుక్క అవసరమూ పడింది. బుల్‌డాగ్‌కు పట్టు ఉంది గానీ చురుకు తక్కువ. టెర్రియర్‌కు చురుకు ఉంది, పట్టు తక్కువ. ఈ రెంటినీ కలిపి పుట్టించడం అప్పటికే మొదలైంది. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ బరిలో 1823లో బిల్లీ అనే అలాంటి కుక్క అయిదున్నర నిమిషాల్లో వంద ఎలుకలను చంపి దేశమంతా పేరు తెచ్చుకుంది. చట్టం వచ్చాక ఈ సంకర కుక్కలే బరిని ఏలాయి. స్టాఫర్డ్‌షైర్ బొగ్గు గనుల్లో, గొలుసులూ మేకులూ చేసే కొలిమి పేటల్లో వాటిని ఇళ్లలోనే పెంచారు. బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హింక్స్ అదే రక్తం నుంచి తెల్లటి బుల్ టెర్రియర్‌ను తీర్చి 1860లలో ప్రదర్శనల్లోకి తీసుకెళ్లాడు. అది పెద్దమనుషుల ఇళ్లకు చేరింది. దాని బంధువులు మాత్రం నేలమాళిగల్లోనే ఉండిపోయాయి.

చెవుల సంగతి ఇక్కడే చెప్పాలి. పందెంలో అవతలి కుక్క పట్టుకోవడానికి చెవి దొరక్కూడదని కూనగా ఉన్నప్పుడే చెవులు మొదలంటా కత్తిరించేవాళ్లు. ఈనాడు మన నగరాల్లోనూ కొందరు అందం కోసమని పిట్‌బుల్ కూనల చెవులు కోయిస్తున్నారు. ఆ అందం ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

పాత పందేల ఆచారాల్లో నన్ను ఎక్కువగా కలతపెట్టేది స్నానం. పందెం మొదలయ్యే ముందు రెండు కుక్కలనూ కడుగుతారు. ఎవరి కుక్కను వాళ్లు కడగరు, ఎదుటివాడి కుక్కను కడుగుతారు. బొచ్చుకు విషమో, మంట పుట్టించే పదార్థమో పూసి ఉంటే పోవాలని ఈ ఏర్పాటు. పందెగాడు పందెగాణ్ణి నమ్మడు కాబట్టి ఆచారం అలా స్థిరపడింది. ఒక్కసారి ఆ దృశ్యం ఊహించుకోండి. ముక్కూ మొహం తెలియని మనిషి, కాసేపట్లో తన చావు కోరబోయే మనిషి, గోరువెచ్చని నీళ్లతో తన మెడా పొట్టా కాళ్లూ రుద్దుతుంటే ఆ కుక్క కదలకుండా నిలబడుతుంది. బరిలోనూ అంతే. హోరాహోరీగా కొట్లాడుకుంటున్న రెండు కుక్కల పక్కనే మనుషులు మోకాళ్ల మీద కూర్చుంటారు, వాటిని చేతులతో పట్టి ఎత్తుతారు. ఆ చేతిని కరిచే కుక్క పందెగాడికి పనికిరాదు. తోటి కుక్క మీద తెగబడాలి, మనిషి చేతికి మాత్రం లొంగాలి. ఈ రెండు గుణాలనూ ఒకే ఒంట్లో కలిపి పెంచాలని చూశారు. కుక్కకు మనిషి మీద ఉన్న నమ్మకాన్నే ఈ ఆటకు పెట్టుబడిగా పెట్టారు.

అలాగని పిట్‌బుల్ మనిషిని కరవదని నేననడం లేదు. కండబలం ఉన్న ఏ కుక్కయినా కరిస్తే గాయం పెద్దదవుతుంది. పందెగాళ్ల పాటి విచక్షణ కూడా లేకుండా, ఉగ్రంగా కనిపిస్తే చాలని పెరట్లో పిల్లలు పుట్టించి అమ్మే వ్యాపారం తర్వాత వచ్చింది. దాని ఫలితాలు మనుషులూ అనుభవించారు.

అమెరికాకు ఈ కుక్కలను తీసుకెళ్లింది ఇంగ్లండ్, ఐర్లాండ్‌ల నుంచి వలస వెళ్లిన కూలి జనం. న్యూయార్క్ రేవు దగ్గర 273 వాటర్ స్ట్రీట్‌లో కిట్ బర్న్స్ అనేవాడు స్పోర్ట్స్‌మెన్స్ హాల్ నడిపేవాడు. ముందు సారాకొట్టు, వెనక బరి, చుట్టూ మెట్లు మెట్లుగా చెక్క బల్లలు. 1866లో హెన్రీ బెర్గ్ న్యూయార్క్‌లో జంతు హింసా నివారణ సంఘం, ఏఎస్‌పీసీఏను స్థాపించాడు. మరుసటి ఏడాదే జంతువుల పందేలను నేరం చేసే చట్టం తెప్పించాడు. 1870 నవంబరులో బర్న్స్ హాలు మీద దాడి జరిగింది. మరుసటి నెలలోనే బర్న్స్ చనిపోయాడు, హాలు చరిత్రలో కలిసింది. పందేలు మాత్రం ఆగలేదు. రిచర్డ్ ఫాక్స్ నడిపిన నేషనల్ పోలీస్ గెజిట్ అనే పత్రిక కుక్కల పందెం నియమాలను అచ్చువేసింది, పందెం సొమ్మును తన దగ్గరే దాచి గెలిచినవాడికి ఇచ్చింది. చట్టం కాదన్న పనికి పత్రిక కార్యాలయమే మధ్యవర్తి అయింది.

ఇక అసలు మలుపు కాగితంతో వచ్చింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1884 నుంచి ఉంది గానీ పందెం కుక్కలను తన పుస్తకంలోకి రానివ్వలేదు. 1898లో చౌన్సీ బెనెట్ అనే ఆయన యునైటెడ్ కెన్నెల్ క్లబ్ అనే వేరే సంస్థ పెట్టి, ‘రింగ్’ అనే తన సొంత కుక్కకే మొదటి నంబరు ఇచ్చి నమోదు చేశాడు. అమెరికన్ పిట్ బుల్ టెర్రియర్ అనే జాతి కాగితం మీద పుట్టింది అప్పుడే. 1909లో ఇదే పనికి అమెరికన్ డాగ్ బ్రీడర్స్ అసోసియేషన్ వచ్చింది. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో జాన్ కోల్బీ 1889 నుంచి పెంచుతూ వచ్చిన కుక్కల రక్తం ఈ పుస్తకాల ద్వారా దేశమంతా పాకింది.

వంశావళి రాసి పెట్టుకోవడంలో తప్పేముంది అనిపించవచ్చు. తప్పు దానివల్ల పెరిగిన ఆశలో ఉంది. పందెం సొమ్ము ఒక్క రాత్రి వచ్చి ఒక్క రాత్రి పోతుంది. గెలిచిన కుక్క పేరు కాగితం మీదికి ఎక్కితే దాని పిల్లలు, పిల్లల పిల్లలు ఏళ్ల తరబడి డబ్బు తెస్తాయి. మూడు పందేలు గెలిస్తే చాంపియన్, అయిదు గెలిస్తే గ్రాండ్ చాంపియన్ అని రహస్య పత్రికలు బిరుదులిచ్చేవి. ఏ కుక్క ఏ కుక్కతో ఎన్ని గంటలు పోరాడిందో క్రికెట్ స్కోరులా రాసేవి. ఆ రెండు ముక్కల బిరుదు కోసం కుక్కను మళ్లీ మళ్లీ బరిలోకి దింపేవాళ్లు. అది దక్కాక గొలుసుకు కట్టి జత కట్టించేవాళ్లు. ఒప్పుకోని ఆడకుక్కను చట్రానికి బిగించి కట్టేసేవాళ్లు. బరి మీద చాలామంది రాశారు. ఈ చట్రం మీద ఎవరూ పెద్దగా రాయలేదు. నా దృష్టిలో ఆ లోకం అసలు రూపం బరిలో కన్నా ఈ చట్రంలోనే ఎక్కువ తెలుస్తుంది.

విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ కాలంలోనే బయటి లోకంలో ఈ కుక్కకు మంచి పేరుండేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఒక్కో దేశానికి ఒక్కో కుక్కను గుర్తుగా వేసిన 1915 నాటి పోస్టరులో అమెరికా తరఫున నిలబడింది పిట్‌బుల్. ఫ్రాన్స్ యుద్ధభూమిలో సైనికులతో తిరిగిన స్టబ్బీ అనే బుల్ టెర్రియర్ సంకరం దేశానికి వీరుడయ్యాడు. ‘అవర్ గ్యాంగ్’ సినిమాల్లో పిల్లల వెంట తిరిగిన కంటి చుట్టూ వలయం ఉన్న పీట్ కూడా ఇదే జాతి. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ తలుపు తెరిచింది, కానీ స్టాఫర్డ్‌షైర్ టెర్రియర్ అనే కొత్త పేరు పెట్టి. ఒకే కుక్క ఒక పుస్తకంలో స్టాఫర్డ్‌షైర్, ఇంకో పుస్తకంలో పిట్‌బుల్.

చీకటి లోకానికి నియమాలు కట్టుదిట్టం అయ్యాయి. ఈనాటికీ ఎక్కువమంది పాటించే కేజన్ నియమాలను 1950లలో రాసినవాడు లూసియానా రాష్ట్రంలోని లాఫయెట్ పట్టణ పోలీసు చీఫ్‌గా పనిచేసిన గబూన్ ట్రహాన్. నేరాన్ని ఆపాల్సిన కుర్చీలో కూర్చున్న మనిషే దానికి నియమావళి రాసిపెట్టాడంటే, గ్రామీణ అమెరికాలో దీన్ని ఎంత మామూలు విషయంగా చూశారో అర్థమవుతుంది. 1976లో గానీ రాష్ట్రాల సరిహద్దులు దాటి సాగే పందేలు ఫెడరల్ నేరం కాలేదు. 1980లలో వీధి ముఠాలు, మత్తుమందుల వ్యాపారులు ఈ కుక్కను హోదా చిహ్నం చేసుకున్నారు. 1987 జులైలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక పళ్లు బయటపెట్టిన పిట్‌బుల్‌ను ముఖచిత్రంగా వేసి, ఈ కుక్కతో జాగ్రత్త అని రాసింది. ఒకప్పటి పోస్టరు వీరుడు ఇప్పుడు దేశానికి భయం. బ్రిటన్ 1991లో ప్రమాదకర కుక్కల చట్టం తెచ్చి ‘పిట్‌బుల్ టెర్రియర్ రకం’ కుక్కలను నిషేధించింది. పిట్‌బుల్‌ను బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ ఒక జాతిగా గుర్తించలేదు కాబట్టి ‘రకం’ అంటే ఏమిటో తేల్చడానికి 1993లో అక్కడి కోర్టు అమెరికన్ డాగ్ బ్రీడర్స్ అసోసియేషన్ ప్రమాణాన్ని ఆధారంగా తీసుకుంది. ఆ తర్వాత టేపుతో కొలిచి, పుర్రె ఆకారం చూసి కుక్కలకు మరణశిక్షలు వేశారు. ఎవరినీ ఏమీ అనని కుక్కలు కూడా ఆ కొలతకు బలయ్యాయి.

ఇన్నేళ్లలో ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. పందెం స్థావరం మీద దాడి జరిగితే మనుషుల మీద కేసులు పెడతారు. మరి కుక్కలు? అవి సాక్ష్యం. కేసు అయ్యేదాకా బోనుల్లో ఉంచి, అయిపోయాక చంపేస్తారు. పందెం కుక్క మారదు అన్నది అందరి నమ్మకం. జంతువుల మేలు కోరే పెద్ద సంస్థలదీ అదే మాట.

2007 ఏప్రిల్‌లో వర్జీనియా రాష్ట్రం సర్రీ కౌంటీలో మైకేల్ విక్ స్థలాన్ని సోదా చేశారు. 2004లో 13 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్న అమెరికన్ ఫుట్‌బాల్ తార అతను. చెట్ల మధ్య నల్లరంగు వేసిన షెడ్లు, భూమిలో పాతిన కారు ఇరుసులకు గొలుసులతో కట్టేసిన కుక్కలు బయటపడ్డాయి. బ్యాడ్ న్యూజ్ కెన్నెల్స్ అని ఆ స్థావరానికి పేరు. పరీక్షలో సరిగా పోరాడని కుక్కలను ఉరితీసి, నీళ్లలో ముంచి చంపారని కోర్టు పత్రాల్లో ఒప్పుకున్నారు. విక్‌కు 23 నెలల జైలు పడింది.

మిగిలిన కుక్కల విషయంలో జరిగింది కొత్త. ఆస్తి స్వాధీనం కేసు పేరే ‘అమెరికా ప్రభుత్వం వర్సెస్ సుమారు 53 పిట్‌బుల్ కుక్కలు’. ఏఎస్‌పీసీఏ నిపుణుల బృందం వచ్చి 49 కుక్కలను విడివిడిగా పరీక్షించింది. అన్నం గిన్నెలోకి ఉత్తుత్తి చెయ్యి పెట్టి చూశారు, పసిపిల్ల సైజు బొమ్మను దగ్గరికి తెచ్చారు, వేరే కుక్కను చూపించారు. స్వభావం ప్రమాదకరమని చంపాల్సి వచ్చింది ఒక్కదాన్నే. చాలా కుక్కలు మీదికి రాకపోగా, మనిషి కనిపించగానే నాలుగు కాళ్లూ చాపి నేలకు అతుక్కుపోయాయి. కాపాడడానికి వచ్చినవాళ్లు వాటిని ముద్దుగా పాన్‌కేక్ కుక్కలని పిలిచారు. దేశాన్ని భయపెట్టిన పందెం కుక్క గదిలో మనిషి అడుగుల చప్పుడుకే గడగడలాడుతోంది. న్యాయశాస్త్ర ఆచార్యురాలు రెబెకా హస్‌ను కోర్టు వాటికి సంరక్షకురాలిగా నియమించింది. విక్ నుంచి సుమారు 9 లక్షల 28 వేల డాలర్లు వాటి పోషణకు వసూలు చేసింది. 47 కుక్కలు సంరక్షణ సంస్థలకు వెళ్లాయి, వాటిలో కష్టమైన 22 యూటాలోని కానాబ్‌లో ఉన్న బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రమానికి. లియో అనే కుక్క క్యాన్సర్ రోగుల పక్కన కూర్చునే థెరపీ కుక్కగా అర్హత తెచ్చుకుంది. జానీ జస్టిస్ అనే కుక్క ముందు కూర్చుని పిల్లలు గట్టిగా చదవడం నేర్చుకున్నారు.

నా దృష్టిలో ఇదొక ఆవిష్కరణ. కొత్త యంత్రమేమీ కనిపెట్టలేదు. ఏ కుక్కకు ఆ కుక్కను చూడాలన్న ఆలోచన కనిపెట్టారు. రెండు వందల ఏళ్లు పందెగాళ్లు రక్తం చూశారు, చట్టాలు కొలతలు చూశాయి. ఎదురుగా ఉన్న కుక్కను చూసింది వీళ్లే.

రెండేళ్లకు 2009 జులైలో మిస్సోరీ కేంద్రంగా ఎనిమిది రాష్ట్రాల్లో ఒకేసారి దాడులు జరిగాయి. అమెరికా చరిత్రలో అప్పటికి అదే పెద్ద దాడి. నాలుగు వందలకు పైగా కుక్కలు దొరికాయి. వాటి చెంపల లోపలి నుంచి దూదిపుల్లతో నమూనాలు తీసి, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశు జన్యుశాస్త్ర ప్రయోగశాలలో 2010లో కెనైన్ కోడిస్ అనే డీఎన్‌ఏ భాండాగారాన్ని నెలకొల్పారు. ఒక రాష్ట్రంలో పట్టుబడ్డ కూనకు తండ్రి మరో రాష్ట్రంలో ఎవరి పెరట్లో ఉందో, గోడ మీది రక్తపు మరక ఏ కుక్కదో దాంతో తేల్చవచ్చు. పందెగాళ్లు గర్వంగా కాపాడుకున్న రక్తసంబంధమే వాళ్ల మీద సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది. పశువైద్యులకు ఇంకో ఆనవాలు కూడా దొరికింది. బబీసియా గిబ్సోని అనే రక్త పరాన్నజీవి కుక్కల కాట్ల ద్వారా ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. పిట్‌బుల్‌లో అది కనిపిస్తే గతంలో పందేలు ఆడించారేమోనని అనుమానించాలి. 2008కి 50 రాష్ట్రాల్లోనూ కుక్కల పందెం పెద్ద నేరమైంది. 2014 నుంచి చూడడానికి వెళ్లడం కూడా ఫెడరల్ నేరం.

మన దేశంలో పిట్‌బుల్ పేరు అందరి నోళ్లలో నానింది 2022 జులైలో, లక్నోలో పెంపుడు పిట్‌బుల్ దాడిలో యజమాని తల్లి అయిన వృద్ధురాలు చనిపోయినప్పుడు. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల దిగుమతినీ పెంపకాన్నీ అమ్మకాన్నీ ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధించిన వాళ్లను సంప్రదించకుండా ఇచ్చారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతుల జాబితా మీద ఇంత చర్చ జరిగింది. పందెం నడిపేవాడికి ఏం శిక్ష అని అడిగినవాళ్లు తక్కువ.

జంతువును జంతువు మీదికి ఉసిగొల్పడం, పందేలకు చోటు నడపడం మన దగ్గర ఎప్పటి నుంచో నేరాలే. 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో రెండూ స్పష్టంగా ఉన్నాయి. అదే సెక్షన్ కింద మొదటిసారి పట్టుబడినవాడు కట్టాల్సిన జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. ఆ అంకెను మార్చాలని 2022లో కేంద్రం ముసాయిదా సవరణను జనం ముందు పెట్టింది. పార్లమెంటు మాత్రం ఇంకా దాన్ని చట్టం చేయలేదు.